ఎక్స్‌టర్నల్ డ్రైవ్ నుంచి కంప్యూటర్‌ను బూట్ చేయడం: మొదటి అడుగు నుంచి చివరిదాకా

విండోస్ మొరాయించి కూర్చుంటుంది, ఫైళ్లు మాత్రం లోపల చిక్కుకుపోతాయి. విండోస్‌కు బదులుగా వాడే లైనక్స్ ఎలా ఉంటుందో చూడాలనిపిస్తుంది కానీ ఉన్న సిస్టమ్‌ను చెరుపుకునే ధైర్యం చాలదు. లేదంటే ఏ కంప్యూటర్‌కు తగిలించినా మన డెస్క్‌టాపే తెరుచుకునేలా, జేబులో పట్టే సొంత సిస్టమ్ ఒకటి ఉంటే బాగుండుననిపిస్తుంది. లోపలి డిస్కును ముట్టుకోకుండా బయటి డ్రైవ్ నుంచి బూట్ చేయాల్సిన, అంటే అందులోని సిస్టమ్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టాల్సిన అవసరం సాధారణంగా ఇలాంటి సందర్భాల్లోనే వస్తుంది.

వీటన్నిటినీ ‘పెన్‌డ్రైవ్ బూట్’ అనే ఒకే పేరుతో పిలుస్తాం కానీ పనులు మూడు రకాలు. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ మొదటిది: దాన్నుంచి బూట్ అయి, సిస్టమ్‌ను వేరే డిస్కులోకి ఎక్కిస్తాం. రెండోది లైవ్ డ్రైవ్: ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ వస్తుంది, ఆపేయగానే చేసిన మార్పులు పోతాయి. మూడోది ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనే పూర్తిస్థాయి ఇన్‌స్టలేషన్. మీకు కావలసింది ఏదో ముందే తేల్చుకోండి. మూడోది కావాలనుకుంటూ రెండోది తయారు చేసుకుని, దాచుకున్న ఫైళ్లు మర్నాటికి కనిపించలేదని తల పట్టుకునేవారు చాలామంది.

బూట్ సమయంలో జరిగేది

పవర్ బటన్ నొక్కగానే మొదట మేలుకునేది విండోసూ కాదు, లైనక్సూ కాదు. మదర్‌బోర్డు మీద చిన్న చిప్పులో ఉండే ఫర్మ్‌వేర్. 1981 నాటి ఐబీఎం పీసీతో మొదలైన బయోస్ పద్ధతి మొరటుగా, సూటిగా ఉండేది. డిస్కులో మొట్టమొదటి 512 బైట్లు చదవడం, చివరి రెండు బైట్లలో 55, ఏఏ అనే గుర్తు కనిపిస్తే పగ్గాలు ఆ కోడ్‌కు అప్పగించడం. ఫైళ్లు, ఫోల్డర్ల సంగతి దానికి పట్టదు.

ఇప్పటి కంప్యూటర్లలో ఉండే యూఈఎఫ్‌ఐ అంత అమాయకురాలు కాదు. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పార్టిషన్‌ను (డిస్కులో విడదీసిన భాగాన్ని) తెరిచి అందులోని ఫైళ్లను చదవగలదు. లోపలి డిస్కు విషయంలో ‘ఫలానా డిస్కు, ఫలానా పార్టిషన్, ఫలానా ఫైలు’ అని ఒక చిరునామా మదర్‌బోర్డు మెమరీలోనే రాసి ఉంటుంది. ఇప్పుడే తగిలించిన బయటి డ్రైవ్ చిరునామా దానికెలా తెలుస్తుంది? తెలియదు. అందుకే ఒక స్థిరమైన చోటు పెట్టుకున్నారు: ‘ఈఎఫ్‌ఐ’ అనే ఫోల్డరు, అందులో ‘బూట్’ అనే ఫోల్డరు, అందులో ‘బూట్‌ఎక్స్64’ అనే ఫైలు, చివర ఈఎఫ్‌ఐ ఎక్స్‌టెన్షన్ (BOOTX64.EFI). ఇంటెల్, ఏఎండీ 64 బిట్ యంత్రాలన్నీ కొత్త డ్రైవ్‌లో వెతికేది ఈ ఫైలునే. ఆర్మ్ యంత్రాల్లో ఎక్స్64 బదులు ఏఏ64 ఉంటుంది.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. బయటి డ్రైవ్ నుంచి బూట్ కాని కేసుల్లో చాలావాటికి కారణం ఆ ఫైలు ఆ చోట లేకపోవడమో, ఉన్నా ఫర్మ్‌వేర్ దాన్ని నమ్మకపోవడమో.

ఎలాంటి డ్రైవ్ తీసుకోవాలి

ఇన్‌స్టాలర్‌కైనా లైవ్‌కైనా మామూలు పెన్‌డ్రైవ్ సరిపోతుంది. విండోస్ 11 ఇన్‌స్టాలర్‌కు కనీసం 8 జీబీ కావాలి. లైనక్స్ ఫైళ్లు కూడా ఏడాదికేడాది లావెక్కుతున్నాయి కాబట్టి 16 జీబీది తీసుకుంటే బెంగ ఉండదు.

పూర్తిస్థాయి సిస్టమ్ నడపాలంటే మాత్రం పెన్‌డ్రైవ్ జోలికి పోకండి. సినిమా లాంటి పెద్ద ఫైలును అది బాగానే కాపీ చేస్తుంది. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ చేసేది అలాంటి పని కాదు. సెకనుకు వందల సంఖ్యలో చిన్న చిన్న ముక్కలను అక్కడొకటి ఇక్కడొకటి రాస్తూ ఉంటుంది. ఆ పనిలో పెన్‌డ్రైవ్ చతికిలబడుతుంది. బ్రౌజర్ తెరవమని క్లిక్ చేసి, ఈలోపు వెళ్లి నీళ్లు తాగి రావచ్చు. పైగా వేడెక్కుతుంది, త్వరగా పాడవుతుంది. ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొనండి, లేదా పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేసులో పెట్టుకోండి. పోర్టు కూడా చూసుకోవాలి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 480 మెగాబిట్లు, యూఎస్‌బీ 3.0 వేగం 5 గిగాబిట్లు. పది రెట్లకు పైగా తేడా. మంచి డ్రైవ్‌ను పాత పోర్టులో పెట్టి ‘ఇది ఇంతేనా’ అనుకోవద్దు. హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి.

మొదటి అడుగు: ఉన్నదాన్ని భద్రం చేసుకోవడం

పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి కావలసినవి వేరేచోట దాచుకోండి. ఇది అందరికీ తెలిసిందే. తెలియని చిక్కు విండోస్ వైపు ఉంది. డిస్కును బిట్‌లాకర్‌తో గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్‌తో గానీ విండోస్ ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి) ఉంటే, ఫర్మ్‌వేర్‌లో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్ మార్చిన మరుక్షణం అది అనుమానపడుతుంది. తర్వాతిసారి విండోస్ తెరవబోతే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే లోపలి ఫైళ్లు చేజారిపోవచ్చు. ‘నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే’ అనుకోవద్దు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడే ఎన్‌క్రిప్షన్ తనంతట తాను మొదలవుతుంది. ఆ ఖాతాలోకి వెళ్లి రికవరీ కీని చూసి, కాగితం మీద రాసుకున్నాకే ముందుకు కదలండి.

ఇంకొకటి. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వల్ల సిస్టమ్ సగం నిద్రలోకి జారుకుంటుంది, లోపలి డిస్కు వాడకంలో ఉన్నట్టే ఉంటుంది. ఆ స్థితిలో లైనక్స్ నుంచి చూస్తే ఆ డిస్కులోని ఫైళ్లు చదవడానికి వస్తాయేమో గానీ, రాయడానికి కుదరదు. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ ఎంచుకుంటే పూర్తిగా ఆగుతుంది.

రెండో అడుగు: ఫైలు దించుకుని సరిచూసుకోవడం

ఐఎస్‌ఓ ఫైలును (ఇన్‌స్టాలర్ మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటగట్టినది) ఆ సిస్టమ్ తయారీదారుల అధికారిక సైటు నుంచే తీసుకోండి. పక్కనే షా-256 అనే 64 అక్షరాల వరుస ఇస్తారు. మీరు దించుకున్న ఫైలుకు అదే వరుస వస్తే ఫైలు చెక్కుచెదరలేదని అర్థం. విండోస్‌లో 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి అక్కడే లెక్కించవచ్చు. 64 అక్షరాలనూ పోల్చి చూసే ఓపిక లేకపోతే మొదటి ఆరు, చివరి ఆరు చూడండి. దించుకోవడంలో ఒక్క బైటు తేడా వచ్చినా వరుస మొత్తం మారిపోతుంది కాబట్టి, అలాంటి పొరపాటు పట్టుకోవడానికి ఆ మాత్రం చాలు.

మూడో అడుగు: డ్రైవ్‌లోకి రాయడం

ఐఎస్‌ఓ ఫైలును లాగి పెన్‌డ్రైవ్‌లో పడేస్తే బూట్ కాదు. ఫర్మ్‌వేర్‌కు కనిపించేది ఒక పెద్ద ఫైలు మాత్రమే, అది వెతికే ఫైలు ఆ పొట్ట లోపల ఉండిపోతుంది. ఐఎస్‌ఓలోని అమరికను డ్రైవ్ మీద విప్పి పరచాలి. దానికి పనిముట్లు ఉన్నాయి.

విండోస్ వాడేవారికి రూఫస్ మేలు. పైన పెన్‌డ్రైవ్‌ను, కింద ఐఎస్‌ఓను ఎంచుకుని, పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్‌ఐ అని ఉంచితే గత పదేళ్ల కంప్యూటర్లలో చాలావాటికి సరిపోతుంది. బాగా పాత బయోస్ యంత్రమైతే ఎంబీఆర్ ఎంచుకోవాలి. కొన్ని లైనక్స్ ఐఎస్‌ఓలకు ‘పర్సిస్టెంట్ పార్టిషన్’ అనే జరుగుడు గీత కూడా కనిపిస్తుంది. దాన్ని కుడివైపుకు జరిపినంత జాగా మీ మార్పులు దాచుకోవడానికి దక్కుతుంది. విండోస్ ఇన్‌స్టాలర్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. ఫ్యాట్32లో ఏ ఫైలూ 4 జీబీ దాటకూడదు, విండోస్‌లో ఉండే ‘ఇన్‌స్టాల్’ అనే ప్రధాన ఫైలు తరచూ దాన్ని మించిపోతుంది. రూఫస్ పెద్ద పార్టిషన్‌ను ఆ పరిమితి లేని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టి, దాన్ని చదివించే చిన్న ఫ్యాట్ పార్టిషన్‌ను పక్కన చేర్చి ఆ ముడి విప్పుతుంది. చేత్తో ఫైళ్లు కాపీ చేసేవారు ఇక్కడే దెబ్బతింటారు.

బలేనా ఎచర్ విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. లైనక్స్ ఐఎస్‌ఓలకు బాగుంటుంది, విండోస్ ఐఎస్‌ఓకు పనికిరాదు. వెంటాయ్ దారి వేరు: డ్రైవ్‌లో దాన్ని ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఆ తర్వాత ఎన్ని ఐఎస్‌ఓలనైనా మామూలు ఫైళ్లలా కాపీ చేసుకోవచ్చు, బూట్ అయ్యేటప్పుడు ఏది కావాలో జాబితాలో అడుగుతుంది. నాలుగు రకాల సిస్టమ్‌లు రుచి చూడాలనుకునేవారికి దాన్ని మించింది లేదు.

రాసే ముందు ఒక్క నిమిషం ఆగి, ఎంచుకున్నది సరైన డ్రైవేనా అని చూడండి. అక్షరాన్ని నమ్మవద్దు, సైజును చూడండి. 32 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్‌లో 29 జీబీకి కాస్త అటూఇటూగా కనిపిస్తుంది; తయారీదారు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కవేయడం వల్ల వచ్చే తేడా అది. 931 జీబీ అని కనిపిస్తే అది మీ ఒక టెరాబైట్ డిస్కు, పెన్‌డ్రైవ్ కాదు! లైనక్స్ టెర్మినల్‌లో ‘డీడీ’ కమాండ్ వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అది ఏమీ అడగదు, మీరు ఏ డిస్కు పేరు రాస్తే దాన్ని తుడిచేస్తుంది.

రాయడం పూర్తయ్యాక ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ ఒక పెట్టె చూపించవచ్చు. తనకు అర్థంకాని పార్టిషన్‌ను చూసి అది పడే కంగారు అంతే. క్యాన్సిల్ నొక్కండి. ఫార్మాట్ నొక్కితే మళ్లీ మొదటికి వస్తారు.

నాలుగో అడుగు: బూట్ మెనూ

కంప్యూటర్ ఆపి, డ్రైవ్ తగిలించి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీని టకటకా నొక్కుతూ ఉండాలి. ఒక్కసారి నొక్కి ఎదురుచూస్తే కుదరదు, ఆ కిటికీ ఒకటి రెండు సెకన్లే తెరిచి ఉంటుంది. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్, ఎంఎస్‌ఐలో ఎఫ్11. ఏసర్‌లో కూడా ఎఫ్12యే కానీ కొన్ని మోడళ్లలో ముందుగా ఎఫ్2తో సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. బూట్ క్రమాన్నే శాశ్వతంగా మార్చే పద్ధతి కూడా ఉంది గానీ నేను సిఫారసు చేయను. ఒక్కసారి కోసం మెనూ ఉండగా గడియారం మొత్తం విప్పడం దేనికి?

కీలతో కుస్తీ పట్టలేకపోతే, విండోస్ లోపలి నుంచే ఒక దారి ఉంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఎంచుకోండి. వచ్చే తెరలో ‘యూజ్ ఎ డివైస్’ అన్నచోట మీ డ్రైవ్ కనిపిస్తుంది.

మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే కంగారు పడవద్దు. యూఈఎఫ్‌ఐ అని ముందు రాసి ఉన్నది కొత్త పద్ధతి, ఉత్త పేరున్నది పాత బయోస్ పద్ధతి. యూఈఎఫ్‌ఐ ఉన్నదాన్నే ఎంచుకోండి.

ఇక నమ్మకం సంగతి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, గుర్తింపు ఉన్న సంతకం లేని బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను) ఫర్మ్‌వేర్ లోపలికి రానివ్వదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అనే లైనక్స్ రకాల బూట్‌లోడర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి సెక్యూర్ బూట్‌ను ఆపాల్సిన పనిలేదు. వెంటాయ్‌తో మొదటిసారి ‘వెరిఫికేషన్ ఫెయిల్డ్’ అని వస్తే, వెంటనే వచ్చే మెనూలో డిస్కు నుంచి కీని చేర్చుకునే ఎంపిక ఉంటుంది. ఆ యంత్రంలో ఒక్కసారి చేస్తే చాలు. సంతకం లేని సిస్టమే కావాలంటే అప్పుడు మాత్రం ఆపండి, ముందు చెప్పిన 48 అంకెలు దగ్గరుంటేనే.

లైవ్ డెస్క్‌టాప్ వచ్చాక ఇన్‌స్టాల్ కాకుండా ‘ట్రై’ ఎంచుకుంటే లోపలి డిస్కు జోలికి పోకుండా నడుస్తుంది. పాడైన విండోస్‌లోంచి ఫైళ్లు తీసుకోవాలంటే ఫైల్ మేనేజర్‌లో లోపలి డిస్కు మీద క్లిక్ చేసి, కావలసినవి ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే రికవరీ కీ అడుగుతుంది. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనే పూర్తి ఇన్‌స్టలేషన్

అసలు పితలాటకం ఇక్కడుంది. దీనికి రెండు డ్రైవ్‌లు కావాలి: ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి, సిస్టమ్‌ను ఎక్కించుకునే ఎస్‌ఎస్‌డీ ఇంకొకటి. ఒకసారి నేను ఇన్‌స్టాలర్‌లో గమ్యంగా ఎస్‌ఎస్‌డీని చూపించాను, పని నున్నగా పూర్తయింది, లైనక్స్ చక్కగా తెరుచుకుంది. మర్నాడు ఎస్‌ఎస్‌డీ తీసేసి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘గ్రబ్’ (లైనక్స్ బూట్‌లోడర్ పేరు) అనే పదం, పక్కన మిణుకుమిణుకుమనే కర్సర్. విండోస్ జాడ లేదు. ఎస్‌ఎస్‌డీని తీసుకెళ్లి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే అక్కడ అసలు బూటే కాలేదు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు.

జరిగింది ఇది. సిస్టమ్ ఎస్‌ఎస్‌డీలోకి వెళ్లింది గానీ, ఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ను మాత్రం కంప్యూటర్‌లో ముందుగా కనిపించిన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లు ఉండే భాగంలో), అంటే లోపలి డిస్కులో పెట్టేసింది. బూట్‌లోడర్‌కు ఎంచుకునే చోటు ఉన్నా, కొన్ని ఇన్‌స్టాలర్లు యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఆ ఎంపికను లెక్కచేయవు. మీకూ అలాంటి కర్సరే ఎదురైతే గుండె జారనివ్వకండి. అక్కడ ‘ఎగ్జిట్’ (exit) అని టైపు చేసి ఎంటర్ నొక్కితే సాధారణంగా ఫర్మ్‌వేర్ తర్వాతి ఎంపికకు వెళ్తుంది. లేదా బూట్ మెనూలో ‘విండోస్ బూట్ మేనేజర్’ను ఎంచుకోండి. విండోస్ ఎక్కడికీ పోలేదు, వరుసలో వెనక్కి నెట్టబడింది అంతే.

ఈ తిప్పలు రాకుండా ఉండాలంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్కు కనిపించకూడదు. డెస్క్‌టాప్ కంప్యూటరైతే పవర్ తీసేసి, దాని కేబుల్ ఊడదీయండి. ల్యాప్‌టాప్‌లో అయితే ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో లోపలి డిస్కును డిజేబుల్ చేసే వీలుందేమో చూడండి, కొన్ని మోడళ్లలో ఉంటుంది. అదీ లేకపోతే లైవ్ డెస్క్‌టాప్‌లో పార్టిషన్లను మార్చే జీపార్టెడ్ ప్రోగ్రామ్ తెరిచి, లోపలి ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు ఉన్న ‘బూట్’, ‘ఈఎస్‌పీ’ గుర్తులను తాత్కాలికంగా తీసేయండి. ఇన్‌స్టాల్ కాగానే, రీస్టార్ట్ చేయకముందే, మళ్లీ పెట్టండి. ఈ చివరి వాక్యం మరిచిపోతే విండోస్ నిజంగానే బూట్ కాకపోవచ్చు.

పార్టిషన్లు నా పద్ధతిలో ఇలా ఉంటాయి. జీపీటీ టేబుల్, మొదట 512 ఎంబీ ఫ్యాట్32 ఈఎఫ్‌ఐ పార్టిషన్, తర్వాత సిస్టమ్‌కు లైనక్స్ వాడే ఎక్స్‌ట్4 పార్టిషన్, చివర మిగిలిన జాగాలో ఎక్స్‌ఫ్యాట్. ఆ చివరిది ఉంటే డ్రైవ్‌ను విండోస్‌కో మాక్‌కో తగిలించినప్పుడు మామూలు నిల్వ డిస్కులా కూడా పనికొస్తుంది. జేబులో తిరిగే వస్తువు ఎక్కడైనా జారిపోవచ్చు కాబట్టి సిస్టమ్ పార్టిషన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకునే ఎంపికను వదలకండి.

పని అయ్యాక రెండు పరీక్షలు చేయాలి. ఎస్‌ఎస్‌డీలోని ఈఎఫ్‌ఐ పార్టిషన్ తెరిచి, మొదట్లో చెప్పిన బూట్‌ఎక్స్64 ఫైలు ఉందో లేదో చూడండి. కొన్ని సిస్టమ్‌లు తామే అక్కడ పెడతాయి. లేకపోతే గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్‌కు ‘రిమూవబుల్’ (--removable) అనే ఆప్షన్ జోడించి నడిపితే వస్తుంది. రెండోది, సిస్టమ్‌లో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు (బూట్ సమయంలో తెరవాల్సిన పార్టిషన్ల జాబితా) తెరిచి, ఈఎఫ్‌ఐ వరుసలో ఉన్న యూయూఐడీ, అంటే పార్టిషన్ గుర్తింపు సంఖ్య, ఎస్‌ఎస్‌డీదేనా అని సరిచూడండి. అది లోపలి డిస్కుదైతే, సొంత కంప్యూటర్‌లో అంతా బాగానే ఉంటుంది. వేరే కంప్యూటర్‌కు తగిలించినప్పుడు మాత్రం తెర మీద ఎర్రటి నక్షత్రాల వరుస ఒకటి అటూ ఇటూ ఊగుతూ, లేని పార్టిషన్ కోసం 1 నిమిషం 30 సెకన్లు లెక్కపెట్టి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది. యూయూఐడీ మారిస్తే సరి.

వేర్వేరు కంప్యూటర్లలో వాడాలనుకుంటే ఇంకో సూక్ష్మం. ఉబుంటు, డెబియన్‌లు బూట్ సమయానికి కావలసిన డ్రైవర్లలో ఎక్కువ భాగాన్ని ముందే మూటగట్టుకుంటాయి. ఫెడోరా మాత్రం ఇన్‌స్టాల్ చేసిన యంత్రానికి అవసరమైనవే ఉంచుకుంటుంది. కొత్త యంత్రంలో తెరుచుకోకపోతే బూట్ మెనూలో ‘రెస్క్యూ’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎన్‌విడియా సొంత డ్రైవర్‌ను ఇలాంటి సంచార డ్రైవ్‌లో ఎక్కించకపోవడమే మంచిది.

విండోస్, మాక్ సంగతి

విండోస్‌ను యూఎస్‌బీ డ్రైవ్‌లోకి ఎక్కించమంటే దాని మామూలు ఇన్‌స్టాలర్ ఒప్పుకోదు. 2012లో విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో వచ్చిన ‘విండోస్ టు గో’ ఆ సౌకర్యం ఇచ్చేది కానీ, 2020లో విండోస్ 10 వెర్షన్ 2004తో దాన్ని తీసేశారు. రూఫస్‌లో ఆ పేరుతో ఎంపిక ఇప్పటికీ ఉంది. వాడితే ఎస్‌ఎస్‌డీ మీదే వాడండి, లోపలి డిస్కులను ముట్టకుండా ఆపే గడిని కూడా టిక్ చేయండి.

మాక్‌లో ఏ తరం యంత్రం అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ఇంటెల్ మాక్‌లో ఆన్ చేస్తూ ఆప్షన్ కీ నొక్కి పట్టుకుంటే డ్రైవ్‌ల జాబితా వస్తుంది. టీ2 అనే భద్రతా చిప్పు ఉన్నవాటిలో ముందుగా కమాండ్, ఆర్ కీలతో రికవరీలోకి వెళ్లి, స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో బయటి డ్రైవ్ నుంచి బూట్‌కు అనుమతి ఇవ్వాలి. ఎం1, ఆ తర్వాతి యాపిల్ చిప్పుల మాక్‌లలో పవర్ బటన్‌నే ‘లోడింగ్ స్టార్టప్ ఆప్షన్స్’ కనిపించేదాకా వదలకుండా పట్టుకోవాలి. మాక్‌ఓఎస్ ఎక్కించే డ్రైవ్‌ను డిస్క్ యుటిలిటీలో ఏపీఎఫ్‌ఎస్, జీయూఐడీ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఒక్క మాట: యాపిల్ చిప్పు మాక్‌లో లోపలి నిల్వ పూర్తిగా చచ్చిపోతే బయటి డ్రైవ్ కూడా ఆదుకోలేదు. బూట్ తొలి దశలూ, భద్రతా అనుమతులూ ఆ లోపలి నిల్వలోనే ఉంటాయి.

మొరాయిస్తే

బూట్ మెనూలో డ్రైవ్ పేరే రాకపోతే ముందు పోర్టు మార్చండి. అప్పటికీ రాకపోతే ఫర్మ్‌వేర్‌లో యూఎస్‌బీ బూట్ ఆపి ఉందేమో చూడండి. ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌ను మళ్లీ రాయండి.

గ్రబ్ మెనూ వచ్చి, ఆ తర్వాత తెర నల్లబడితే అది దాదాపు ఎప్పుడూ గ్రాఫిక్స్ గొడవే. మెనూలో ఇంగ్లిష్ ‘e’ అక్షరం కీ నొక్కి, ‘లైనక్స్’ అని మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి ‘నోమోడ్‌సెట్’ (nomodeset) అని చేర్చి, ఎఫ్10 నొక్కండి. తెర కాస్త మొరటుగా వస్తుంది కానీ వస్తుంది.

‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అనే చోట ఆగిపోతే, బూట్ మొదలయ్యాక డ్రైవ్ మధ్యలో కనిపించకుండా పోయిందన్నమాట. వదులైన కేబుల్, హబ్, పూర్తిగా రాయని పెన్‌డ్రైవ్, ఈ వరుసలో అనుమానించండి. ఇన్‌స్టాలర్‌కు లోపలి డిస్కు కనిపించకపోతే మాత్రం ఇంటెల్ యంత్రాల్లో వీఎండీ లేదా ఆర్‌ఎస్‌టీ అనే సెట్టింగ్ అడ్డుపడుతూ ఉండవచ్చు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయబోతున్నవారికి అది వరమే, మార్చవద్దు.

డ్రైవ్‌ను ఊడదీసేది షట్‌డౌన్ పూర్తయ్యాకే. తెర నల్లబడ్డాక కూడా డ్రైవ్ మీది దీపం ఇంకా మిణుకుతూ ఉంటే మెమరీలో మిగిలిన ముక్కలు డిస్కు మీదికి చేరుతున్నాయని అర్థం. అది ఆగేదాకా చెయ్యి పెట్టకండి. పని అయిపోయి పెన్‌డ్రైవ్‌ను మామూలు వాడకానికి తెచ్చుకోవాలంటే, దాని సైజు ఉన్నట్టుండి కొన్ని ఎంబీలుగా కనిపించినా పాడైందనుకోవద్దు. రూఫస్ తెరిచి, బూట్ సెలెక్షన్‌లో ‘నాన్-బూటబుల్’ ఎంచుకుని ఒకసారి ఫార్మాట్ చేస్తే జాగా మొత్తం తిరిగి వస్తుంది.